ఇంట్లో ఆర్కేడ్ మెషీన్ చేసుకోవడం: అపోహలు – వాస్తవాలు

నేను ఆర్కేడ్ మెషీన్లు (వీడియో గేమ్ షాపుల్లో నిలబడి ఆడే గేమ్ పెట్టెలు) చేసిపెడతానని తెలియగానే అందరూ అడిగేది ఒకటే: "అన్నా, ఎన్ని గేములు పడతాయి?" నేను తిరిగి అడుగుతాను: "మీరు ఆడేది ఏ గేమ్?" చాలామంది అక్కడ ఆగిపోతారు. నిజానికి పనంతా ఆ జవాబు మీదే నడుస్తుంది. స్క్రీన్ అడ్డంగా పెట్టాలా నిలువుగా పెట్టాలా, బటన్లు ఎన్ని, స్టిక్, బటన్లు బిగించే చెక్క ప్యానెల్ వెడల్పెంత, లోపల ఏ కంప్యూటర్... అన్నీ ఆ తర్వాతే తేలతాయి. అది తేలకుండానే చెక్క కోయించేస్తే డబ్బూ చెక్కా రెండూ దండగ.

అపోహ: ఎన్ని ఎక్కువ గేములుంటే అంత మంచి మెషీన్

"వేల గేములు" అని అమ్మే, గేములు ముందే నింపిన సర్క్యూట్ బోర్డుల్లో లిస్టు ఓపిగ్గా కిందిదాకా చూడండి. ఒకే గేమ్ అమెరికా వెర్షన్, జపాన్ వెర్షన్, ఎవరో మార్చి వదిలిన దొంగ వెర్షన్ అంటూ మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. జపనీస్ మహ్‌జాంగ్, క్విజ్ గేములు కొన్ని ఉంటాయి, భాష రాకపోతే వాటితో మనకు పనిలేదు. స్టీరింగో తుపాకో ట్రాక్‌బాలో ఉంటేగానీ ఆడలేనివి ఇంకొన్ని. ఇవన్నీ తీసేశాక మిగిలిన వాటిలో మీరు పదే పదే పెట్టుకునేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తొంభైల్లో సందు చివర వీడియో గేమ్ షాపులో నిలబడి ఆడినవాళ్ళే. వాళ్ళకు కావలసింది ముస్తఫా. కాప్‌కామ్ 1993లో తెచ్చిన ఆ గేమ్ అసలు పేరు 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. మనవాళ్ళు మాత్రం అందులోని ఒక పాత్ర పేరుతోనే పిలిచారు. ఈ గేమ్‌కి మనిషికొక స్టిక్, కొట్టడానికి ఒకటి, ఎగరడానికి ఒకటి, రెండే బటన్లు చాలు. కానీ ముగ్గురు కలిసి ఆడితేనే దాని మజా. ముగ్గురు పెద్దవాళ్ళు పక్కపక్కన నిలబడాలంటే ప్యానెల్ మూడడుగులకు తగ్గకూడదు, తగ్గితే మోచేతులు గుద్దుకుంటాయి. మూడడుగుల ప్యానెల్ చాలా ఫ్లాట్లలో పడగ్గది గుమ్మంలో పట్టదు. అందుకే దాన్ని బోల్టులతో విడిగా ఊడదీసేలా చేయాలి.

అదే స్ట్రీట్ ఫైటర్ 2 అనుకోండి. 1991 నాటి ఆ గేమ్‌కి ఇద్దరు చాలు, కానీ చెరో ఆరు బటన్లు: మూడు గుద్దులకు, మూడు తన్నులకు. ప్యానెల్ వెడల్పు తగ్గుతుంది, వైరింగ్ పెరుగుతుంది. రెండూ "పాత ఆర్కేడ్ గేములే". చేసే మెషీన్లు మాత్రం వేరు.

అపోహ: ఎనిమిది దిక్కుల స్టిక్ వేస్తే ఏ గేమైనా ఆడొచ్చు

ఆడొచ్చు, కానీ ప్యాక్‌మ్యాన్‌లో చస్తూనే ఉంటారు. 1980లో నామ్‌కో తెచ్చిన ఈ గేమ్‌లో పైకి, కిందికి, పక్కలకు తప్ప మూలకు దారే లేదు. జాయ్‌స్టిక్ లోపల నాలుగు చిన్న మైక్రోస్విచ్‌లు ఉంటాయి. స్టిక్ మూలకు వెళ్తే రెండు స్విచ్‌లు ఒకేసారి నొక్కుకుంటాయి. మలుపు దగ్గర కుడి నుంచి పైకి లాగినప్పుడు మీ చెయ్యి మూల మీదుగానే వెళ్తుంది. ఆ క్షణంలో గేమ్‌కి అందేది సగం తప్పు సంకేతం. ప్యాక్‌మ్యాన్ మలుపు దాటి ముందుకు పోతుంది, వెనక దెయ్యం రెడీగా ఉంటుంది. "బటన్లు బాలేవు, కంప్యూటర్ స్లో" అని నాకు వచ్చే ఫిర్యాదుల్లో కొన్నిటికి అసలు కారణం ఇదే.

మందు చాలా తేలిక. జపాన్ కంపెనీ సాన్వా చేసే జేఎల్‌ఎఫ్ లాంటి స్టిక్‌ల అడుగున ఒక ప్లాస్టిక్ ప్లేట్ ఉంటుంది. దాన్ని తిప్పి బిగిస్తే స్టిక్ నాలుగు దిక్కులకే పరిమితం అవుతుంది. అయితే ఆ ప్లేట్ ఉండేది ప్యానెల్ కింద. ప్యానెల్‌ని నాలుగువైపులా స్క్రూలు కొట్టి మూసేస్తే ప్లేట్ తిప్పడానికి పూట పడుతుంది. వెనకవైపు మడతబందులు పెట్టించి పెట్టె మూతలా పైకి లేచేలా చేయించండి. రేపు వైరు ఊడినా అదే పనికొస్తుంది.

అపోహ: బటన్ల రంధ్రాలు పని మొదలయ్యాక చూసుకోవచ్చు

జపాన్ రకం బటన్లకు 30 మి.మీ. రంధ్రం కావాలి, స్టార్ట్ లాంటి చిన్నవాటికి 24. అమెరికా రకం బటన్లకు 28 మి.మీ. పైచిలుకు సరిపోతుంది. కార్పెంటర్ దగ్గర తాళాలు బిగించే హోల్ సా ఏదో ఒకటి ఉంటుంది, "ఇది దగ్గరదగ్గరే సార్" అంటాడు. ఇక్కడ దగ్గరదగ్గర పనికిరాదు. రెండు మి.మీ. తక్కువైతే బటన్ దిగదు, ఎక్కువైతే అంచు రంధ్రాన్ని పూర్తిగా కప్పదు. బటన్లు చేతికి వచ్చాక, వాటిని కొలిచాక మాత్రమే డ్రిల్ ముట్టుకోండి.

రంధ్రం సైజు కన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది చెక్క మందం. పక్కలకు వాడే 18 మి.మీ. ప్లైనే ప్యానెల్‌కీ వేసేస్తారు. నొక్కగానే పట్టుకునే క్లిప్ రకం బటన్లు పల్చటి రేకు కోసం చేసినవి. 18 మి.మీ.లో ఆ క్లిప్‌లకు పట్టు దొరకదు, గట్టిగా ఆడితే బటన్ పైకి లేచి వస్తుంది. మందం చెక్కకు నట్టు బిగించే రకం కొనాలి. జాయ్‌స్టిక్‌ది ఇంకో తంటా: 18 మి.మీ. కింద బిగిస్తే కర్ర పైకి పొట్టిగా కనిపిస్తుంది, పట్టు కుదరదు. కిందవైపు చెక్క తవ్వే రూటర్ మెషీన్‌తో కొంత లోతు తవ్వి స్టిక్‌ని అందులో కూర్చోబెట్టాలి.

రంధ్రాలు చేసేటప్పుడు సన్‌మైకా పెచ్చులు లేవకుండా పైన మాస్కింగ్ టేప్ వేయండి, అడుగున పనికిరాని చెక్క ముక్క బిగించండి. బటన్లు ఎక్కడ రావాలో ముందు అట్ట మీద గీసి, అట్టకే రంధ్రాలు చేసి, బటన్లు పెట్టి, నిలబడి చెయ్యి ఆనించి చూడండి. నెట్‌లో ఎవరో పెట్టిన డిజైన్ ఫైలు చూసి కాపీ కొట్టినదానికన్నా అట్ట మీద మీ చెయ్యి చెప్పినదే నిజం. నిలబడి ఆడేవాటికి ప్యానెల్ ఎత్తు 36 నుంచి 40 అంగుళాల మధ్య ఉంటే సుఖం. పిల్లల కోసం తగ్గించకండి, వాళ్ళకు ఒక పీట వేస్తే సరిపోతుంది.

అపోహ: పాత టీవీ పెడితేనే అసలు ఫీల్ వస్తుంది

ఇందులో సగం నిజం ఉంది. ఆ గేముల బొమ్మలు గాజు ట్యూబు కోసం గీసినవి. చుక్కల అంచులు అందులో మెత్తగా కలిసిపోతాయి, ఎల్‌సీడీలో చదరాలుగా కనిపిస్తాయి. ట్యూబు గురించి తెలిసిన మెకానిక్ మీకు ఉంటే పెట్టుకోండి. లేకపోతే వద్దనే చెప్తాను. రంగుల ట్యూబులో 20 వేల వోల్టులకు పైగా నడుస్తుంది, ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా అందులో ఛార్జ్ మిగిలి ఉంటుంది. యూట్యూబ్ చూసి వెనక మూత తీసే వస్తువు కాదు.

ఎల్‌సీడీతో రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. పాత గేముల బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 4:3. 24 అంగుళాల వెడల్పు మానిటర్‌లో అది నిండుగా పెట్టినా దాదాపు 19న్నర అంగుళాల బొమ్మే వస్తుంది, పక్కల నల్ల పట్టీలు మిగులుతాయి. బొమ్మను అడ్డంగా సాగదీస్తే పట్టీలు పోతాయి కానీ ప్యాక్‌మ్యాన్ గుమ్మడికాయలా అవుతుంది, దయచేసి ఆ పని చేయకండి. రెండోది, ప్యాక్‌మ్యాన్, గలాగా లాంటివి నిలువు స్క్రీన్ గేములు. మానిటర్‌ను నిలువుగా తిప్పితే బొమ్మ బాగా పెద్దదవుతుంది. కానీ టీఎన్ అనే చౌక రకం ఎల్‌సీడీ తెరను నిలువుగా తిప్పితే పక్క నుంచి చూసేవాళ్ళకు రంగులు మారిపోతాయి. తిప్పాలనుకుంటే ఐపీఎస్ రకం తెర తీసుకోండి.

అపోహ: 'జీరో డిలే' బోర్డు వేస్తే ల్యాగ్ ఉండదు

'జీరో డిలే' అన్నది బటన్లను కంప్యూటర్‌కి కలిపే బోర్డు పెట్టె మీద రాసిన పేరు మాత్రమే. బటన్ నొక్కినప్పటి నుంచి తెర మీద కదిలేదాకా ఆలస్యం బోర్డు, కంప్యూటర్, స్క్రీన్ మూడింటిలోనూ పోగవుతుంది. ఈ గేములు సెకనుకు సుమారు 60 ఫ్రేములు నడుస్తాయి, అంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. బోర్డు తినేది అందులో కొంత. గేమ్ మోడ్ ఆన్ చేయని టీవీ మాత్రం ఒక్కటే ఎన్నో ఫ్రేములు మింగేస్తుంది. ముందు ఆ సెట్టింగ్ చూడండి, బోర్డు సంగతి తర్వాత. బ్లూటూత్ స్పీకర్ కూడా వద్దు. గుద్దు పడిన తర్వాత శబ్దం వస్తే చిరాకు ఎంతో చెప్పక్కర్లేదు. ఆటో విడిభాగాల షాపులో దొరికే కార్ స్పీకర్లు రెండు, ఒక చిన్న యాంప్లిఫయర్ బోర్డు చాలు.

అపోహ: బటన్ పనిచేయకపోతే బటన్ పాడైనట్టే

చాలాసార్లు పాడయ్యేది గ్రౌండ్ వైరు. ప్రతి బటన్‌కి రెండు వైర్లు: ఒకటి బోర్డులో దాని సొంత పిన్నుకి, రెండోది అన్నిటికీ ఉమ్మడి గ్రౌండ్. ఆ గ్రౌండ్‌ని ఒక బటన్ నుంచి ఇంకో బటన్‌కి గొలుసులా తీసుకెళ్తారు. మధ్యలో ఒక లగ్ (వైరు చివర బటన్‌కి తొడిగే లోహపు క్లిప్) వదులైతే దాని తర్వాతవన్నీ ఒకేసారి చచ్చిపోతాయి. ఒక్క బటన్ పోతే దాని వైరు చూడండి, వరసగా మూడు నాలుగు పోతే గ్రౌండ్ చూడండి. గొలుసు చివరి బటన్ నుంచి మళ్ళీ బోర్డుకి ఒక వైరు వేసి చుట్టు పూర్తిచేస్తే ఒకచోట ఊడినా మిగతావి నడుస్తాయి. లగ్ సైజు కూడా చూసుకోవాలి. సాన్వా రకానికి 2.8 మి.మీ., అమెరికా రకానికి సాధారణంగా 4.8. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో రెండూ దొరుకుతాయి, అడిగేటప్పుడు బటన్ చేతిలో పెట్టుకుని వెళ్ళండి.

అపోహ: రాస్‌ప్‌బెర్రీ పై తప్పనిసరి

అరచేతిలో పట్టే ఆ చిన్న కంప్యూటర్ కూడా మంచిదే. ముస్తఫాకు, ప్యాక్‌మ్యాన్‌కు దాని 'పై 4' మోడల్ ఎక్కువే. కానీ దాన్ని ఫోన్ ఛార్జర్‌తో నడిపితే తెర మూలన మెరుపు గుర్తు వస్తుంది, గేమ్ నత్తనడక నడుస్తుంది. పై 4కి 5 వోల్టులు 3 ఆంపియర్లు గట్టిగా ఇచ్చే అడాప్టర్ కావాలి. స్విచ్ టప్పున ఆపేస్తే ఎస్‌డీ కార్డు పాడయ్యే ప్రమాదం కూడా ఉంది.

నన్నడిగితే చాలామందికి ఆఫీసుల్లోంచి తీసేసిన సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ మేలు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో చూసి తీసుకోవచ్చు. పాత గేములు నడిపే బటోసెరా లాంటి సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. విండోస్ ఉంచుకుంటే కొన్న గేములు కూడా అందులోనే పెట్టుకోవచ్చు. ఈ చివరి మాట ఎందుకన్నానో కింద చెప్తాను.

అపోహ: ఎండీఎఫ్ చౌక, నున్నగా ఉంటుంది, అదే వేయండి

ఎండీఎఫ్ అంటే చెక్క పొట్టును జిగురుతో ఒత్తి చేసే బోర్డు. నున్నగా ఉంటుంది, నిజమే. 8×4 అడుగుల 18 మి.మీ. షీటు సుమారు 40 కిలోలు తూగుతుంది, నిలువెత్తు మెషీన్‌కి రెండు షీట్లు పోతాయి. లిఫ్ట్ లేని మూడో అంతస్తు గుర్తుపెట్టుకోండి. ఇంకా పెద్ద శత్రువు తడిగుడ్డ. రోజూ నేల తుడిచే మన ఇళ్ళలో అడుగు అంచు నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, ఒకసారి ఉబ్బితే మళ్ళీ సర్దుకోదు. నేను పక్కలకు ఐఎస్ 710 గుర్తు (నీటిని తట్టుకునే మెరైన్ రకం) ఉన్న ప్లై వేస్తాను, అడుగున రబ్బరు కాళ్ళో చక్రాలో పెట్టి నేల నుంచి పైకి లేపుతాను. ముందు అద్దం టఫెన్డ్ అయితే కొలత ఖరారయ్యాకే ఆర్డర్ ఇవ్వండి. కాల్చిన తర్వాత దాన్ని కోయడం కుదరదు, ముక్కలైపోతుంది.

అపోహ: పాత గేములు కదా, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు

ఇది అందరూ నమ్మేది, ఎవరూ వినడానికి ఇష్టపడనిది. 1997లో ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా మొదలుపెట్టిన మేమ్ అనే, పాత ఆర్కేడ్ గేములను కంప్యూటర్‌లో నడిపే సాఫ్ట్‌వేర్ చట్టబద్ధం, 2016 నుంచి ఓపెన్ సోర్స్ కూడా. కానీ అందులో నడిచే గేమ్ ఫైలు వేరే సరుకు. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య రచన కిందే లెక్కిస్తుంది, రక్షణ దశాబ్దాల పాటు ఉంటుంది. 1980 గేమ్ అయినా ఆ గడువు తీరలేదు. "24 గంటల్లో తీసేస్తే తప్పు లేదు" అన్నది ఏ చట్టంలోనూ లేదు.

దారి లేకపోలేదు. స్ట్రీట్ ఫైటర్ 2 కావాలంటే 2021లో వచ్చిన 'కాప్‌కామ్ ఆర్కేడ్ స్టేడియం' అనే గేముల కట్టలో ఉంది, పీసీ మీద కొనుక్కోవచ్చు. డెస్క్‌టాప్ అన్నది అందుకే. యజమానులే ఉచితంగా ఇచ్చిన గ్రిడ్లీ, రాబీ రోటో లాంటివి మేమ్ వాళ్ళ సైట్‌లోనే దొరుకుతాయి. ముస్తఫా సంగతే చిక్కు. అది ఒక కామిక్ లైసెన్సు తీసుకుని చేసిన గేమ్. 2018లో కాప్‌కామ్ తన పాత కొట్లాట గేములు ఏడింటిని ఒక కట్టగా అమ్మినప్పుడు కూడా అందులో అది లేదు. గేమ్ ఫైళ్ళు నింపి ఇవ్వమంటే నేను ఇవ్వను, చెక్క, వైర్లు, సెటప్ వరకే నా పని. కొందరికి కోపం వస్తుంది.

అపోహ: కాయిన్ వేసే డబ్బా తప్పకుండా ఉండాలి

ముచ్చటగానే ఉంటుంది. నాణేలు చూపించి నేర్పించే రకం అక్సెప్టర్లు (నాణెం గుర్తుపట్టి తీసుకునే భాగాలు) వస్తాయి, 12 వోల్టులు కావాలి. మన నాణేలతోనే అసలు తలనొప్పి. 2011 వరుసలో వచ్చిన రెండు రూపాయల నాణెం 25 మి.మీ., అంతకుముందు చలామణిలో ఉన్న స్టీలు రూపాయి కూడా 25 మి.మీ.నే. రెండూ మెషీన్‌కి ఒకేలా కనిపిస్తాయి. ఒకే సిరీస్ రూపాయి బిళ్ళలు కొన్ని విడిగా తీసి గిన్నెలో పెట్టుకుని, వాటితోనే నేర్పించండి. లేదంటే ప్యానెల్ ముందు అంచు కింద 24 మి.మీ. బటన్ ఒకటి బిగించి దానికే కాయిన్ పని అప్పజెప్పండి.