మూసిన గొట్టం తేల్చిన సంగతి

అల్జీమర్స్‌కు మెడ సర్జరీ మీద మళ్లీ గొడవ మొదలైంది. సర్జరీ అయ్యాక మా వాళ్లు మనుషుల్ని గుర్తుపడుతున్నారనే వీడియోలు ఒకవైపు, 2025 జూలైలో చైనా ఆరోగ్య కమిషన్ పెట్టిన నిషేధం ఇంకోవైపు.

ఈ సర్జరీలో మెడలోని లింఫ్ నాళాలను, అంటే ఒంట్లోని మిగులు ద్రవాన్ని, చెత్తను మోసుకెళ్లే సన్నటి నాళాలను, మైక్రోస్కోప్ కింద పక్క సిరకు కలిపి కుడతారు. మెదడులో పేరుకున్న అమిలాయిడ్, టౌ ప్రొటీన్లు ఆ దారిన బయటికి పోతాయని ఆశ. మెదడు పొరల్లో లింఫ్ నాళాలున్నాయని 2015లో ఎలుకల్లో తేలాక ఆ ఆశకు బలం వచ్చింది. చేతుల వాపుకు ఇలాంటి కుట్టు ముందునుంచీ ఉంది కాబట్టి సర్జన్లకూ కొదవ లేదు.

అసలు మలుపు మాత్రం అంతకుముందే, అమెరికాలో వచ్చింది. మెదడులోని ద్రవాన్ని సన్నటి గొట్టంతో, అంటే షంట్‌తో, పొట్టలోకి మళ్లిస్తే చెత్త తగ్గుతుందనుకున్నారు. 2002లో వచ్చిన ఫలితాలు ఊరించాయి. మొత్తం 29 మందిలో షంట్ వేసినవాళ్లు ఏడాదిపాటు దాదాపు నిలకడగా ఉన్నారు, వేయనివాళ్లు దిగజారారు. మెలిక ఏమిటంటే, షంట్ ఎవరికి పడిందో ఇంట్లోవాళ్లకు తెలుసు.

అందుకే 215 మందితో పెట్టిన తర్వాతి ట్రయల్‌లో కొందరికి మూసేసిన గొట్టం వేశారు. వాళ్ల తలకూ రంధ్రం పెట్టారు, గొట్టం పొట్టదాకా దించారు, చుక్క ద్రవం మాత్రం కదలదు. ఎవరిది మూసిందో పేషెంటుకూ తెలియదు, జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టేవాళ్లకూ తెలియదు. 9 నెలలకు చూస్తే రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. 2008లో ఆ ఫలితం అచ్చయింది. ఇవాళ్టి గొడవంతా నాకు అందులోనే కనిపిస్తుంది.

తర్వాత ఇదే జబ్బుకు మెదడులో ఎలక్ట్రోడ్లు, అంటే కరెంటు పంపే సన్నటి తీగలు, పెట్టి 42 మందిపై ట్రయల్ చేసినప్పుడు కూడా సగం మందికి ఏడాదిపాటు కరెంటు ఆపి ఉంచారు. 2016లో చూస్తే మొత్తంమీద లాభం తేలలేదు.

సర్జరీ అయిన మనిషి చుట్టూ నలుగురు చేరతారు, పలకరిస్తారు, మందులు వేళకు పడతాయి. ఈ జబ్బులో మంచిరోజులు ఎలాగూ వస్తుంటాయి. వీడియో తీసేదీ ఆ రోజునే.

ఎదురుచూసే టైమ్ మాకు లేదని కుటుంబాలు అంటున్నాయి. నిజమే, తల్లి రోజురోజుకూ చేజారుతుంటే ట్రయల్ ముగిసేదాకా ఆగమనడం కష్టం. అయితే ఈ సర్జరీ ఎవరికి పనికొస్తుందో, ఎవరికి చేయకూడదో ఇంకా స్పష్టత లేదనీ, భద్రతకూ ఫలితానికీ గట్టి ఆధారాలు లేవనీ చైనా కమిషన్ చెప్పిన కారణానికి ఆ వీడియోల్లో జవాబు లేదు.