బెజవాడలో కాలినడక: అపోహలు - వాస్తవాలు

ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లని వెంటబెట్టుకుని బెజవాడ సందుల్లో తిప్పడం నా పని, వచ్చిన ప్రతివాళ్లూ మొదట అనే మాటలు ఇవే కాబట్టి అన్నీ ఒకచోట రాసేస్తున్నా.

అపోహ: దుర్గమ్మ దర్శనం అయిపోతే ఊరు చూసేసినట్టే.
వాస్తవం: ఆ కొండ కిందే అక్కన్న మాదన్న గుహలున్నాయి, వాటి ముందు నుంచే వెళ్లిపోతారు గానీ ఆగరు. అక్కణ్నించి వన్‌టౌన్‌లోకి నడవండి, కాళేశ్వరరావు మార్కెట్ చుట్టూ ఉన్న వీధుల్లో పొద్దున్నే మూటలు దించుతుంటారు, రిక్షాబండి నిండా బస్తాలేసుకుని "పక్కకి, పక్కకి" అంటూ వస్తారు, అప్పుడు ఫోటో కోసం దారికడ్డంగా నిలబడకుండా ఏదో ఒక కొట్టు మెట్టెక్కేయండి, ఆ మనిషికి బండి ఆపితే మళ్లీ కదిలించడం చాలా కష్టం.

అపోహ: ఈ ట్రాఫిక్‌లో రోడ్డు దాటడం మనవల్ల కాదు.
వాస్తవం: అవుద్ది. బైకులవాళ్లు మీ నడకని బట్టే పక్కకి తిప్పుకుంటారు, అందుకే ఒకే స్పీడులో నడవాలి, సగం దూరం వెళ్లి భయపడి వెనక్కి పరిగెత్తడమే అసలు ప్రమాదం. మొదటిరోజు మాత్రం ఎవరైనా పెద్దావిడ దాటుతుంటే ఆవిడ పక్కనే దాటండి. బస్సొస్తుంటే ఇవేం పనిచేయవు, ఆగాల్సిందే.

అపోహ: ఫోన్‌లో మ్యాప్ ఉంటే చాలు.
వాస్తవం: సందుల్లో మ్యాప్ కన్నా కొండ, కృష్ణ, కాలవలు నయం. ఇంద్రకీలాద్రి కనపడిందంటే కృష్ణ ఆ పక్కనే, ఏలూరు, రైవస్, బందరు కాలవలు ఊరి మధ్యలోంచే పోతాయి. దారి అడగాలంటే నడిచిపోయేవాళ్లని కాదు, కొట్లో కూర్చున్న బాబాయినో పూలమ్మే అక్కనో అడగండి, వాళ్లకి ఆ వీధి మొత్తం తెలుసు.

అపోహ: గొడుగు, నీళ్ల బాటిల్ ఉంటే ఎండ ఏం చేయదు.
వాస్తవం: ఇది నమ్మే నేనొకసారి మే నెలలో పదకొండింటికి ఒక ఫ్యామిలీని బీసెంట్ రోడ్డులో తిప్పాను, వాళ్లలో పెద్దాయనకి కళ్లు తిరిగితే ఒక బట్టలకొట్టు ఆవిడే కుర్చీ వేసి, ఫ్యాను తిప్పి, ఉప్పేసిన మజ్జిగ ఇచ్చింది. ఆయన తేరుకునేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. అప్పట్నించీ ఎండాకాలం పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం ఐదు తర్వాత, అంతే, ఎవరెంత బతిమాలినా మధ్యాహ్నం తిప్పను.

అపోహ: ప్రకాశం బ్యారేజీ కార్లోంచి చూసినా ఒకటే.
వాస్తవం: కాదండీ. 1957లో పూర్తయిన ఈ బ్యారేజీ పొడవు కిలోమీటరు పైనే, 70 గేట్లు, నిదానంగా నడిస్తే ఇరవై నిమిషాలు. సీతానగరం వైపు నడుస్తుంటే కుడిపక్క నిండా నీళ్లు, ఎడమపక్క ఇసుకమేటలు, పొద్దుగూకేది కూడా కుడిపక్కే. అవతలికెళ్లాక వెంటనే ఆటో ఎక్కేయకండి, వెనక్కి తిరిగి కొండమీద అమ్మవారి గుడి లైట్లు వెలిగేదాకా ఆగండి.