రికార్డు రైడర్‌తో కాసేపు కలిసి తొక్కడం: అపోహలు - వాస్తవాలు

కశ్మీర్ నుంచి కన్యాకుమారికి రికార్డు కోసం సైకిల్ మీద బయల్దేరినవాళ్లలో చాలామంది 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని మన ఊళ్ల మీదుగానే వెళ్తారు. నిర్మల్, కామారెడ్డి, మేడ్చల్, జడ్చర్ల, కర్నూలు, గుత్తి, అనంతపురం, పెనుకొండ. ఆ దారిలో ఉండే సైక్లిస్టులం కొందరం కొంత దూరం వాళ్లతో కలిసి తొక్కుతాం. నేను మామూలుగా బీఆర్ఎంలు (గడువులోపు ముగించాల్సిన, పోటీ కాని దూరపు సైకిల్ రైడ్‌లు) తొక్కే మనిషిని. ఇలాంటి ప్రయత్నాలకు హైదరాబాద్ చుట్టుపక్కల తోడు వెళ్లడం, సపోర్ట్ కారులో ఉన్న క్రూకి, అంటే రైడర్ వెంట ఉండే సహాయ బృందానికి, దారి చెప్పడం కొన్నేళ్లుగా చేస్తున్నాను. ఎవరైనా బయల్దేరారని తెలియగానే గ్రూపుల్లో కొన్ని నమ్మకాలు మళ్లీ మళ్లీ తిరుగుతుంటాయి. మంచి మనసుతోనే అంటారు. కానీ వాటిలో కొన్ని ఆ రైడర్ పడ్డ కష్టాన్నంతా నీళ్లపాలు చేయగలవు.

అపోహ: మనం ముందుండి గాలి అడ్డుకుంటే అతనికి సాయం చేసినట్టే.

వాస్తవం: అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదే. చదును రోడ్డు మీద గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే మన కాళ్ల శక్తిలో ఎక్కువ భాగం గాలిని తోయడానికే పోతుంది. ముందు ఇంకో సైకిల్ ఉంటే వెనకవాళ్లకు ఆ శ్రమలో దాదాపు పావు వంతు దాకా తగ్గుతుంది. దీన్నే డ్రాఫ్టింగ్ అంటాం. అంత పెద్ద లాభం కాబట్టే చాలా రికార్డుల్లో దానికి అనుమతి లేదు. బ్రిటన్‌లో లాండ్స్ ఎండ్ నుంచి జాన్ ఓ గ్రోట్స్ దాకా ఉన్న 1,350 కిలోమీటర్ల దారి రికార్డును చూసే రోడ్ రికార్డ్స్ అసోసియేషన్ 1888లో పుట్టింది. రైడర్ ఎవరి చాటూ లేకుండా సొంతంగా తొక్కాలన్నది వాళ్ల మూల సూత్రం. 2024లో సైకిల్ మీద ప్రపంచాన్ని చుట్టి వచ్చిన లేల్ విల్కాక్స్‌తో దారి పొడవునా జనం కలిసి తొక్కారు, కానీ ఆమె ఎవరి వెనకా నక్కి వెళ్లలేదు.

మన దగ్గర ఈ గందరగోళం ఎక్కువ కావడానికి కారణం ఉంది. బీఆర్ఎంలో పాల్గొనేవాళ్లు ఒకరి వెనక ఒకరు తొక్కొచ్చు, అది తప్పు కాదు. ఏళ్ల తరబడి అలా అలవాటైన కాళ్లు ఎవరైనా అలసిపోయి కనిపిస్తే వాటంతటవే ముందుకు వెళ్లిపోతాయి. ఎదురుగాలి ఉన్నప్పుడు మరీను. నైరుతి రుతుపవనాల రోజుల్లో కర్నూలు దాటి అనంతపురం వైపు దిగేవాళ్లకు గాలి ముఖం మీదే కొడుతుంది. కళ్లముందు ఒక మనిషి 18 వేగంతో పోరాడుతుంటే చూస్తూ ఊరుకోవడం నిజంగా కష్టం. అయినా ఊరుకోవాల్సిందే. ఆ గాలి కూడా అతని రికార్డులో భాగం.

మరి ఎక్కడ ఉండాలి? షోల్డర్ (రోడ్డు అంచున లేన్ బయట ఉండే భాగం) వెడల్పుగా ఉన్నచోట కాస్త ఎడంగా పక్కన. ఇరుకైనచోట బాగా వెనక. వెనక కూడా అంటుకుని ఉండకండి. దగ్గరగా వెనక వచ్చే సైకిల్ వల్ల ముందున్న మనిషికి కూడా కొద్దిగా గాలి తేలికవుతుందని ఏరోడైనమిక్స్ శాస్త్రవేత్త బెర్ట్ బ్లాకెన్ బృందం లెక్కగట్టి చూపించింది. పైగా ముందతను హఠాత్తుగా బ్రేక్ వేస్తే ఇద్దరూ పడతారు.

అపోహ: అసలు పక్కన ఎవరూ ఉండకూడదు, ఉంటే రికార్డు చెల్లదు.

వాస్తవం: ఒక్కో రికార్డుకు ఒక్కో నియమావళి. విల్కాక్స్ తను ఎక్కడుందో ఎప్పటికప్పుడు చూపించే లైవ్ ట్రాకర్ లింకు బయటపెట్టి, రండి, కలిసి తొక్కుదాం అని అందరినీ పిలిచింది. షికాగోలో బయల్దేరి షికాగోకే తిరిగొచ్చిన ఆ 29,000 కిలోమీటర్ల పైచిలుకు యాత్ర 108 రోజుల్లో పూర్తయింది. అందుకని వెళ్లే ముందు క్రూకి ఒక్క మెసేజ్ పెట్టండి: "కలవొచ్చా, ఏ నియమాలు పాటించాలి?" జవాబు రాకపోతే రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొట్టండి. దానికి ఏ నియమమూ అడ్డు రాదు.

అపోహ: వాళ్ల వేగం మనలాంటి మామూలు రైడర్లం అందుకోలేం.

వాస్తవం: 2017లో మార్క్ బ్యూమాంట్ 79 రోజుల్లోపే ప్రపంచాన్ని చుట్టాడు. రోజుకు సుమారు 386 కిలోమీటర్లు. వింటే గుండె ఆగుతుంది. కానీ అతను రోజుకు పదహారు గంటలు, నాలుగేసి గంటల విడతలుగా తొక్కాడు. భాగిస్తే గంటకు 24 కిలోమీటర్లు వస్తుంది. 1939లో ఇంగ్లండ్‌లో టామీ గాడ్విన్ ఒక్క ఏడాదిలో 75,065 మైళ్లు తొక్కాడు, అంటే సగటున రోజుకు 330 కిలోమీటర్లు. వీళ్ల గొప్పతనం వేగంలో లేదు, దిగకుండా ఉండటంలో ఉంది. 200 కిలోమీటర్ల బీఆర్ఎం హాయిగా పూర్తి చేసేవాళ్లెవరైనా ఒక నలభై, యాభై కిలోమీటర్లు పక్కన ఉండగలరు.

అసలు కష్టం ఇంకోటి. ఉత్సాహంలో మన ముందు చక్రం అతని చక్రం కంటే అర అడుగు ముందుకు జరుగుతుంది. అతను తెలియకుండానే అందుకోవడానికి కాస్త గట్టిగా తొక్కుతాడు. మనం మళ్లీ జరుగుతాం. మనం గంటలో ఇంటికి వెళ్లిపోతాం, ఆ అదనపు శ్రమ మాత్రం మర్నాడు అతని మోకాళ్లలో తేలుతుంది. వేగం ఎప్పుడూ అతనే నిర్ణయించాలి. ఎత్తు రాగానే 12కి పడిపోయినా సరే, మీరూ 12.

అపోహ: ఇంటి నుంచి పెరుగన్నం, ఇడ్లీ తీసుకెళ్లి ఇస్తే ఎంత సంతోషిస్తాడో.

వాస్తవం: సొంతంగా, ఎవరి సపోర్టూ లేకుండా వెళ్తున్నానని ప్రకటించిన రైడర్ అయితే దుకాణంలో ఎవరికైనా దొరికేదే కొనుక్కుంటాడు. 2018లో 124 రోజుల్లో ప్రపంచాన్ని చుట్టిన జెనీ గ్రాహం అలా వెళ్లినామెనే. మీరిచ్చే అరటిపండు కూడా వాళ్ల మాటకు మచ్చ. క్రూ ఉన్న రైడరైతే గంటగంటకు ఏం తినాలో లెక్క ఉంటుంది. ఎండలో రెండు గంటలు డబ్బాలో ఉన్న పెరుగన్నం కడుపు పాడు చేస్తే ఆ రోజంతా పోతుంది. ఇవ్వాలనిపిస్తే క్రూకి ఇవ్వండి. డ్రైవర్లు కూడా నిద్రలేకుండా ఉంటారు, వాళ్లను ఎవరూ పట్టించుకోరు.

అపోహ: రాత్రి కబుర్లు చెబుతూ ఉంటే నిద్ర రాదు, అదే మన పని.

వాస్తవం: సగమే నిజం. కశ్మీర్-కన్యాకుమారి రికార్డు 2020లో ఓం మహాజన్, 2021లో ఆదిల్ తేలి ఎనిమిది రోజుల పైచిలుకులో కొట్టారు. 3,600 కిలోమీటర్లు ఎనిమిది రోజుల్లో అంటే నిద్రకు మిగిలేది ఏమీ లేదు. రాత్రి రెండు నుంచి తెల్లారే దాకా ఒంటికి అన్నిటికంటే గడ్డు సమయం. మాట తోడు అప్పుడు పనికొస్తుంది, కానీ అది నిద్రకు బదులు కాదు. అడిగినదానికి ఆలస్యంగా జవాబు చెప్పడం, చెప్పిందే మళ్లీ చెప్పడం, సైకిల్ గీత దాటి ఊగడం, లేని మనుషులు రోడ్డు మీద కనిపించడం... వీటిలో ఏది గమనించినా జోకులు పెంచకండి. వెంటనే క్రూకి చెప్పండి. ఇరవై నిమిషాల నిద్ర మీ గంట కబుర్లకంటే మేలు.

మెడ కూడా చూడండి. రోజుల తరబడి వంగి తొక్కితే తల నిలబెట్టే కండరాలు చచ్చుబడిపోవచ్చు. దీన్ని షెర్మర్స్ నెక్ అంటారు. 2018లో మైకేల్ బ్రాడ్‌విత్ లాండ్స్ ఎండ్ - జాన్ ఓ గ్రోట్స్ దారిని 43 గంటల 25 నిమిషాల్లో ముగించి రికార్డు కొట్టాడు. కానీ స్కాట్లాండ్‌లో మెడ పట్టు తప్పి, చేతులతో గడ్డం ఆనించుకుని తొక్కాల్సి వచ్చింది. ఒకచేత్తో గడ్డం పట్టుకున్న రైడర్ మీకు కనిపిస్తే అది అలసట భంగిమ అనుకోకండి.

రోడ్డు సంగతి మనకే బాగా తెలుసు కాబట్టి మన అసలు విలువ అక్కడుంది. లైట్లు లేకుండా షోల్డర్ మీద ఆపిన లారీలు, రాంగ్ రూట్‌లో వచ్చే ట్రాక్టర్లు, కోతల రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పెట్టిన రాళ్లు. పంజాబ్ నుంచో నాసిక్ నుంచో వచ్చినవాళ్లకు ఇవి ఎక్కడెక్కడ ఉంటాయో తెలియదు. 2015లో ఏడాది మైలేజీ రికార్డుకు బయల్దేరిన స్టీవ్ అబ్రహామ్‌ను మార్చిలోనే ఒక మోపెడ్ గుద్దింది, చీలమండ విరిగింది. శరీరం సిద్ధంగా ఉన్నా రోడ్డు ఒక్క క్షణంలో ఆట ముగించగలదు. హైదరాబాద్ చుట్టూ వెళ్లేటప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ లేన్ల మీద సైకిళ్లకు అనుమతి లేదని, సర్వీస్ రోడ్డే దారి అని క్రూకి ముందే చెప్పి ఉంచండి.

అపోహ: మనం కలిసి తొక్కితే సాక్ష్యం అయిపోతుంది.

వాస్తవం: మన తోడు ఒక్కటే చాలదు. జీపీఎస్ ఫైళ్లు, వీడియోలు, లాగ్ బుక్, వీటన్నిటితో పాటే సాక్షి సంతకం. అడిగితే తేదీ, సమయం, చోటు స్పష్టంగా రాసి సంతకం పెట్టండి. చూడని కిలోమీటర్లకు పెట్టకండి.

అపోహ: ట్రాకర్‌లో చుక్క చూసి వెళ్లి, ఆపి, సెల్ఫీ దిగి బయల్దేరొచ్చు.

వాస్తవం: ట్రాకర్ కొన్ని నిమిషాలు వెనకబడి చూపించొచ్చు. ఒక గంట ముందే చేరుకోండి. టోల్ ప్లాజా దాటాక కాస్త ముందు నిలబడి, అతను కనిపించగానే మెల్లగా బయల్దేరి కలవండి. అతన్ని ఆపకండి. ఫోటో కావాలంటే ఇంకొకరిని ముందు నిలబెట్టుకోండి. అతను మాట్లాడితే మాట్లాడండి, లేకపోతే మౌనంగా తొక్కండి. ముగ్గురు నలుగురికి మించితే క్రూ కారుకి, రైడర్‌కి మధ్య మీరే అడ్డు అవుతారు, వంతులవారీగా వెళ్లండి. విడిపోయేటప్పుడు "అన్నా, ఆల్ ది బెస్ట్" అని వేగం తగ్గించి వెనకబడితే చాలు. హైవే మీద అక్కడికక్కడే యూటర్న్ కొట్టకండి. తర్వాతి అండర్‌పాస్ దాకా వెళ్లి తిరగండి. తిరుగు దారికి లైట్లు, పంక్చర్ కిట్ మీ దగ్గర ఉండాలి, ఎందుకంటే మీకోసం ఆ క్రూ ఆగదు, ఆగకూడదు కూడా.