ప్రజారోగ్యం, చికిత్స: కొన్ని అపోహలు – వాస్తవాలు

అపోహ: ప్రజారోగ్యమంటే పారిశుద్ధ్యం, టీకాల కార్యక్రమాలు, రోగిని చూసే వైద్యుడికి దానితో పనిలేదు.

వాస్తవం: ఈ కాలంలో, ఈ ప్రాంతంలో, ఈ వయసువారికి ఏ జబ్బు ఎక్కువగా వస్తోందన్న అంచనా లేకుండా, ముందుగా దేన్ని అనుమానించాలో ఏ వైద్యుడూ తేల్చుకోలేడు. మూడు వారాలుగా తగ్గని దగ్గు క్షయ విస్తారంగా ఉన్నచోట వెంటనే తెమడ పరీక్షకు దారితీస్తుంది. క్షయ అరుదైన చోట ముందు ఆస్తమా గుర్తుకొస్తుంది.

అపోహ: మంచి పరీక్షలో పాజిటివ్ వస్తే జబ్బు ఉన్నట్టే.

వాస్తవం: వైద్యులు కూడా తరచుగా పొరబడేది ఇక్కడే. ఒక జబ్బు వెయ్యిమందిలో ఒకరికి ఉందనుకుందాం. జబ్బున్నవారిలో 99 శాతం మందిని పట్టుకుని, లేనివారిలో 95 శాతం మందికి సరిగ్గా నెగటివ్ చూపే పరీక్షను, లక్షణాలేవీ లేని 10,000 మందికి చేశామనుకుందాం. జబ్బున్న 10 మందీ దాదాపుగా దొరుకుతారు. కానీ మిగిలిన 9,990 మందిలో సుమారు 500 మందికి జబ్బు లేకుండానే పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ రిపోర్టు పట్టుకుని కంగారుగా వచ్చే వంద మందిలో నిజమైన రోగులు ఇద్దరే. అదే పరీక్షను, లక్షణాలను బట్టి సగం మందికి జబ్బు ఉండవచ్చనిపించిన రోగులకు చేస్తే, పాజిటివ్ వచ్చిన వందలో 95 మందికి జబ్బు ఉంటుంది. పరీక్ష మారలేదు, ఎవరికి చేశామన్నదే మారింది. అందుకే అవసరం లేని ‘ఫుల్ బాడీ చెకప్’ల విషయంలో నాకు అంత ఉత్సాహం లేదు.

అపోహ: కారణం పూర్తిగా తెలిసేదాకా నివారణ సాధ్యం కాదు.

వాస్తవం: వియన్నాలోని ప్రసూతి ఆసుపత్రిలో వైద్యులు, వైద్య విద్యార్థులు చూసే వార్డులో బాలింతల మరణాలు మంత్రసానుల వార్డులో కన్నా చాలా ఎక్కువగా ఉండేవి. రెండు వార్డుల లెక్కలనూ పోల్చిన అక్కడి వైద్యుడు సెమ్మెల్‌వైస్, శవపరీక్ష గది నుంచి వచ్చే చేతులను అనుమానించి, 1847 మే నెలలో క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో చేతులు కడుక్కోవడాన్ని తప్పనిసరి చేశాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాటిన మరణాలు జూన్ నాటికి 2 శాతం దగ్గరికి దిగాయి. సూక్ష్మజీవులే జబ్బులకు మూలమన్న సిద్ధాంతానికి అప్పటికింకా ఆమోదం లేదు.

అపోహ: ముప్పు ఎక్కువగా ఉన్నవారికి మందులిస్తే సరిపోతుంది.

వాస్తవం: బీపీ బాగా ఎక్కువున్నవారు కొద్దిమంది, ఓ మోస్తరుగా పెరిగినవారు చాలామంది కనుక, పక్షవాతం కేసుల్లో పెద్ద వాటా ఈ రెండో గుంపు నుంచే రావచ్చు. ముప్పు ఎక్కువున్న కొద్దిమందికి మందులివ్వడానికీ, జనం మొత్తంలో ముప్పును కాస్త తగ్గించడానికీ ఉన్న తేడాను బ్రిటిష్ వైద్య పరిశోధకుడు జెఫ్రీ రోజ్ 1985లో విడమరిచి చెప్పారు.

అపోహ: మరణ ధ్రువపత్రం నింపడం వట్టి కాగితాల పని.

వాస్తవం: రాత్రి డ్యూటీ చివర, నిద్రమత్తులో, మరణ కారణమన్న గడిలో ‘గుండె ఆగిపోవడం’ అని రాసి సంతకం చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. గుండె ఆగకుండా ఎవరూ చనిపోరు కనుక ఆ మాట ఏమీ చెప్పనట్టే. రాయవలసింది మరణానికి దారితీసిన వరుస: ఏళ్ల తరబడి ఉన్న మధుమేహం, దానివల్ల దెబ్బతిన్న మూత్రపిండాలు, చివరికి రక్తంలో పెరిగిన పొటాషియం. ప్రపంచ ఆరోగ్య సంస్థ నమూనా పత్రం పై గడి నుంచి కింది గడికి దిగేకొద్దీ మూలకారణాన్ని అడిగేది ఇందుకే. నా ఒక్క సంతకంతో ఒక మధుమేహ మరణం గణాంకాల్లోంచి జారిపోయింది. డయాలసిస్ యంత్రాలు ఎన్ని కావాలో అంచనా వేసేవారి చేతికి వెళ్లేది ఆ గణాంకాలే.