ఆతిథ్య ఒప్పందం కింద సంతకం ఎవరిది? అంతర్జాతీయ క్రీడలు, స్థానిక సంస్థల చుట్టూ ఉన్న అపోహలు - వాస్తవాలు

స్థానిక సంస్థల జమాఖర్చులు తనిఖీ చేసే ఉద్యోగంలో ఇరవై ఏళ్లకు పైగా గడిపినవాణ్ని. ఒక నగరంలో అంతర్జాతీయ పోటీ జరుగుతుందనగానే పత్రికలు పతకాల గురించి రాస్తాయి, నాయకులు ప్రతిష్ఠ గురించి మాట్లాడతారు, ఆరు నెలలు తిరిగేసరికి ఇద్దరూ కుంభకోణం అన్న మాట దగ్గర కలుసుకుంటారు. మధ్యలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: అంచనా దాటిన ఖర్చును భరిస్తామని కాగితం మీద హామీ ఇచ్చింది ఎవరు? 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు ఖరారైన నేపథ్యంలో, ఈ విషయంలో నాకు తరచుగా వినిపించే కొన్ని అభిప్రాయాలను లెక్కల వైపు నుంచి పరిశీలిస్తాను.

అపోహ: ఖర్చంతా క్రీడా సమాఖ్యలో, ప్రాయోజకులో చూసుకుంటారు, నగరం చోటిస్తే చాలు.

వాస్తవం: ఒలింపిక్స్ వంటి పోటీల ఆతిథ్య ఒప్పందాల్లో సాధారణంగా హక్కులు సమాఖ్యకూ, నష్టపు బాధ్యత ఆతిథ్య పక్షానికీ ఉంటాయి. 1976 ఒలింపిక్స్‌కు ముందు మాంట్రియల్ మేయర్ జాన్ డ్రాపో, మగవాడు బిడ్డను కనడం ఎంత అసాధ్యమో ఒలింపిక్స్‌కు లోటు రావడమూ అంతే అసాధ్యమన్నాడు. ఆ క్రీడల అప్పు 2006లో గానీ తీరలేదు. అందుకోసం క్యుబెక్ రాష్ట్రంలో పొగాకు మీద ప్రత్యేకంగా పన్ను వేయవలసి వచ్చింది. ఆ ఏడాది పోటీలను కళ్లారా చూడని తరం కూడా సిగరెట్టు పెట్టె కొన్నప్పుడల్లా ఆ స్టేడియం బాకీ కట్టిందన్నమాట.

దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణ లాస్ ఏంజెలెస్. నగర ఖజానా నుంచి ఒలింపిక్స్‌కు సొమ్ము పెట్టరాదని అక్కడి ఓటర్లు 1978లోనే నగర శాసనాన్ని సవరించుకున్నారు. 1984 క్రీడలకు పోటీలో మరో నగరమేదీ మిగలకపోవడంతో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ తన షరతును సడలించుకోక తప్పలేదు. నష్టం నగరానిది కాదని ముందే తేలిపోయినందువల్ల నిర్వాహకులు చాలావరకు ఉన్న స్టేడియాలతోనే సరిపెట్టుకున్నారు. చివరికి 20 కోట్ల డాలర్లకు పైగా మిగిలింది. ఆ మిగులును నిర్వాహకుల ప్రతిభకు జమకట్టేవారు చాలామంది ఉన్నారు. అందులో సగం జమ 1978 నాటి ఓటర్ల పద్దులో పడాలని నా అభిప్రాయం.

అపోహ: ఇటువంటి వివాదాలన్నీ ప్రభుత్వం మారినప్పుడు పుట్టే రాజకీయ కక్షలే.

వాస్తవం: కక్షలు ఉండవని అనను. అయితే కక్షకు ఆధారం దొరికేది దస్త్రంలో ఖాళీగా వదిలిన చోటే. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున, 2.8 కిలోమీటర్ల వీధి ట్రాక్ మీద ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పందెం జరిగింది. మొదటి ఏడాది ఖర్చును నెత్తిన వేసుకున్న ప్రైవేటు సంస్థ తర్వాత తప్పుకోగా, రెండో పందెం భారం ప్రభుత్వం వైపుకు వచ్చింది. 2023 అక్టోబరు చివరలో కొత్త ఒప్పందం కుదిరింది, డిసెంబరులో ప్రభుత్వం మారింది, 2024 జనవరిలో రెండో పందెం రద్దయింది. ఒప్పందాన్ని ఉల్లంఘించారని నిర్వాహకులు ప్రకటించారు. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) నిధుల నుంచి సుమారు 55 కోట్ల రూపాయలను అవసరమైన ముందస్తు అనుమతులు లేకుండా విదేశీ సంస్థకు చెల్లించారన్న ఆరోపణపై 2024 డిసెంబరులో అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) కేసు నమోదు చేసింది. అప్పటి పాలకులు ఆ ఆరోపణను ఖండిస్తున్నారు. తప్పొప్పులు తేల్చవలసింది న్యాయస్థానం కాబట్టి వాటి జోలికి నేను వెళ్లను.

నా వృత్తికి సంబంధించిన సంగతి వేరే ఉంది. హెచ్‌ఎండీఏ ఎన్నికైన పాలకవర్గం గల నగరపాలక సంస్థ కాదు, ముఖ్యమంత్రి అధ్యక్షతన పనిచేసే అభివృద్ధి సంస్థ. కార్పొరేటర్లు లేచి నిలబడి అడిగే సభ దానికి లేదు. అటువంటి సంస్థ నిధుల నుంచి సొమ్ము వెళ్లేటప్పుడు, ఆ నిర్ణయం ఏ సమావేశంలో జరిగింది, ఏ ఉత్తర్వు దానికి ఆధారం అన్న రెండు ప్రశ్నలకు నోట్‌ఫైలులోనే జవాబు ఉండాలి. అది లేని దస్త్రాన్ని ఏ పార్టీ ప్రభుత్వం తెరిచినా అదే అభ్యంతరం వస్తుంది.

అపోహ: గడువు దగ్గరపడితే నిబంధనలు సడలించక తప్పదు.

వాస్తవం: పోటీ తేదీ నాలుగైదేళ్ల ముందే తెలుస్తుంది. దగ్గరపడేది గడువు కాదు, దగ్గరపడేదాకా కదలనిది దస్త్రం. ఢిల్లీకి 2010 కామన్వెల్త్ క్రీడలు 2003లోనే ఖరారయ్యాయి. అయినా కన్నాట్ ప్లేస్ పునరుద్ధరణ పనుల అంచనా 76 కోట్ల నుంచి 671 కోట్లకు పెరిగిందనీ, క్రీడల నాటికి పని పూర్తికాలేదనీ కాగ్ తన నివేదికలో ఎత్తిచూపింది. ప్రారంభోత్సవానికి పన్నెండు రోజుల ముందు ప్రధాన స్టేడియం దగ్గర కడుతున్న పాదచారుల వంతెన కూలిపోయింది.

ఇంతకంటే చిన్న స్థాయిలో నేను స్వయంగా చూసిన సంగతి చెబుతాను. ఊరి పేరు అనవసరం. ఒక అంతర్జాతీయ టోర్నమెంటుకు అతిథులు వచ్చే దారి పొడవునా పూలకుండీలు పెట్టారు. టెండరుకు వ్యవధి లేదంటూ పనిని నామినేషన్ మీద, అంటే పోటీ లేకుండా నేరుగా ఒకరికి ఇచ్చారు. పని కొలతలు నమోదు చేసే ఎం-బుక్ తెరిస్తే పొడవు, వెడల్పు, లోతు గడులు మూడూ ఖాళీగా ఉండి, సంఖ్య గడిలో మాత్రం కుండీల లెక్క ఉంది. దాని పక్కన రోజులు, ఆ పక్కన రోజుకు కుండీ ఒక్కింటి అద్దె. గుణించి చూస్తే ఆ అద్దెకు అవే కుండీలను మొక్కలతో సహా కొని, ఇంకా కొంత మిగుల్చుకోవచ్చు. పైగా కొలతలు నమోదు చేసిన తేదీ, పని అప్పగించిన ఉత్తర్వు తేదీ కంటే మూడు రోజులు ముందుంది. సంబంధిత ఇంజినీరును అడిగితే, కుండీలు ఎండిపోకముందే కొలవాలి కదా అని శాంతంగా జవాబిచ్చాడు. ఆ అభ్యంతరాన్ని నివేదికలో రాశాను.

అపోహ: బర్మింగ్‌హామ్ కార్పొరేషన్ 2022 కామన్వెల్త్ క్రీడల వల్లే దివాలా తీసింది.

వాస్తవం: 2023 సెప్టెంబరులో ఆ నగర పాలక సంస్థ కొత్త ఖర్చులు నిలిపివేస్తున్నట్టు ప్రకటించిన మాట నిజమే. అయితే ప్రధాన కారణాలు మహిళా ఉద్యోగులకు సమాన వేతనాల కింద పడిన పాత బకాయిలు, లెక్కల కోసం తెచ్చుకుని విఫలమైన ఒక సాఫ్ట్‌వేర్. క్రీడాగ్రామం కోసం పెరీ బార్‌లో కట్టిన ఇళ్లు కొవిడ్ వల్ల సకాలంలో పూర్తికాక, క్రీడాకారులను విశ్వవిద్యాలయాల వసతిగృహాల్లో ఉంచవలసి రావడం మాత్రం క్రీడల పద్దులోనిదే.

అపోహ: పోటీలు ముగిశాక ఆస్తులైనా మిగులుతాయి.

వాస్తవం: మిగులుతాయి, అనుకున్న పనికి కాకపోవచ్చు. 2002 జాతీయ క్రీడలకూ, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలకూ హైదరాబాద్ సిద్ధమైనప్పుడు గచ్చిబౌలిలో పెద్ద క్రీడా సముదాయం లేచింది. అందులోని బహుళ అంతస్తుల వసతి భవనాన్ని 2020లో కొవిడ్ రోగుల కోసం టిమ్స్ ఆసుపత్రిగా మార్చారు. స్టేడియాల కంటే దీర్ఘకాలం నడిచేది భూమి కథ. అదే 2003లో క్రీడా అకాడమీల పేరిట ఐఎంజీ భారత అనే సంస్థతో నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 850 ఎకరాలకు ఒప్పందం చేసుకుంది. తర్వాతి ప్రభుత్వం 2006లో దాన్ని రద్దు చేసింది. ఆ రద్దు సరైనదేనని తెలంగాణ హైకోర్టు 2024లో చెప్పింది. 2025లో విశ్వవిద్యాలయ విద్యార్థులు చెట్ల కోసం ఆందోళన చేసిన కంచ గచ్చిబౌలి 400 ఎకరాలు ఆ 850లోవే. ఆందోళనలో నిలబడ్డ పిల్లల్లో చాలామంది ఆ ఒప్పందం నాటికి పుట్టి కూడా ఉండరు.

అపోహ: ఇబ్బంది అనిపిస్తే రద్దు చేసుకోవచ్చు, డబ్బు మిగులుతుంది.

వాస్తవం: ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2026 కామన్వెల్త్ క్రీడలను బల్లరాట్, బెండిగో, జీలాంగ్ వంటి చిన్న నగరాల్లో జరుపుతామని ఒప్పుకొని, 2023 జులైలో వెనక్కి తగ్గింది. 260 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల అంచనా 600 కోట్లు దాటుతోందన్నది వారు చెప్పిన కారణం. పరిహారం కింద 38 కోట్ల డాలర్లు చెల్లించారు. జరగని క్రీడలకు మొత్తం 58.9 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయని ఆ రాష్ట్ర ఆడిటర్ జనరల్ తేల్చాడు. రద్దుకు కారణంగా చూపిన పెద్ద అంకెను కూడా పెంచి చెప్పారని అన్నాడు. చేస్తామన్నప్పుడు తగ్గించి, మానేస్తామన్నప్పుడు పెంచి చెప్పిన అంచనా అన్నమాట.

అపోహ: ఖర్చును ప్రశ్నించేవారు క్రీడలకు వ్యతిరేకులు.

వాస్తవం: 1976 శీతాకాల ఒలింపిక్స్ డెన్వర్‌కు దక్కిన తర్వాత, వాటికి ప్రజాధనం పెట్టరాదని కొలరాడో ఓటర్లు 1972లో తీర్పిచ్చారు, క్రీడలు ఇన్స్‌బ్రుక్‌కు తరలిపోయాయి. 2015లో హాంబర్గ్, 2018లో కాల్గరీ ప్రజలు ఒలింపిక్స్ ఆతిథ్యాన్ని ఓటుతోనే వద్దన్నారు. బోస్టన్‌లో ఓటింగు దాకా పోలేదు. పన్ను చెల్లింపుదారుల సొమ్మును పూచీగా పెట్టే కాగితం మీద సంతకం చేయనని మేయర్ మార్టీ వాల్ష్ 2015 జులైలో ప్రకటించిన రోజే ఆ ప్రయత్నం ముగిసింది. వీళ్లెవరూ ఆటలు వద్దన్నవారు కారు.

మన దగ్గర అటువంటి ఓటింగు పద్ధతి లేదు. ఉన్నది పాలకవర్గ సమావేశం. అక్కడికి కూడా ఈ ఖర్చులు సాధారణంగా సభ ఆమోదిస్తుందన్న భరోసాతో ముందే ఇచ్చిన అనుమతి మీద జరిగిపోయిన తర్వాత, కార్యోత్తర ఆమోదం కోసం వస్తాయి. అదీ సభ్యులకు ముందుగా పంపే కాగితాల్లో కాకుండా, సమావేశం రోజున పంచే టేబుల్ అజెండాలో. నేను అభ్యంతరం రాసిన పూలకుండీల బిల్లు కూడా అలాగే, పోటీలు ముగిసిన మూడో నెలలో, రెండు వీధిదీపాల పనులకూ ఒక శ్మశానం ప్రహరీకీ మధ్య ఒక అంశంగా వచ్చి, చర్చ లేకుండా ఆమోదం పొందింది.