పవర్‌షెల్ మీద నింద ఎక్కడ మొదలైంది?

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి ఆఫీసుల్లో సర్వర్లు చూసుకునే మన అనంతపురం, చిత్తూరు పిల్లల నోట పాత తగువు మళ్లీ వినిపిస్తోంది. కమాండ్లు, స్క్రిప్టులతో మెషీన్లను నడిపే విండోస్ టూల్ పవర్‌షెల్. దాని పాత వెర్షన్ 2.0ని 2025 ఆగస్టులో విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ తీసేసింది. తర్వాతి వెర్షన్ 25హెచ్2కి మారిన మెషీన్లలో, మెషీన్ల వివరాలు అడిగి పనులు చేయించే పాత కమాండ్ డబ్ల్యుఎంఐసీ కూడా ఉండదు. "వాళ్లే తీసేస్తున్నారు, మనం పవర్‌షెల్ మొత్తాన్నీ బ్లాక్ చేద్దాం" అన్నది సెక్యూరిటీ వాళ్ల మాట. "అలాగైతే తెల్లారేలోపు ఇన్ని వందల మెషీన్లకి ప్యాచ్ ఎలా వెయ్యాలి సార్?" అన్నది అడ్మిన్ల మాట.

ఈ తగువు మూలం 2017 జూన్ 27న ఉంది.

ఆరోజు ఉక్రెయిన్‌లో ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దూరి నాట్‌పెట్యా అనే హానిచేసే ప్రోగ్రామ్ బయల్దేరింది. ఓడల కంపెనీ మెయెర్స్క్ 4,000 సర్వర్లు, 45,000 పీసీలు పది రోజుల్లో మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సి వచ్చింది. నాట్‌పెట్యా వాడుకున్న విండోస్ లోపానికి మార్చిలోనే ప్యాచ్ వచ్చింది. అయినా ప్యాచ్ వేసుకున్న మెషీన్లు కూడా పడిపోయాయి. ఒక మెషీన్ మెమరీలో దొరికిన అడ్మిన్ పాస్‌వర్డ్ పట్టుకుని, డబ్ల్యుఎంఐసీతో, దూరపు మెషీన్‌లో ప్రోగ్రామ్ నడిపే పీఎస్‌ఎగ్జెక్‌తో పక్క మెషీన్లోకి వెళ్లింది. ఆ టూల్స్‌ని ఎవరూ పగలగొట్టలేదు. హక్కున్న అకౌంట్ అడిగింది, అవి పని చేసిపెట్టాయి.

పోయింది తాళంచెవి. నింద మాత్రం తలుపు మీద, అంటే పవర్‌షెల్ లాంటి అడ్మిన్ టూల్స్ మీద పడింది.

సెక్యూరిటీ వాళ్ల భయంలో నిజం లేకపోలేదు. సిస్టమ్‌తో వచ్చిన టూల్‌కి మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది, యాంటీవైరస్ దాన్ని అంత తేలిగ్గా అనుమానించదు. 2023 మేలో బయటపడ్డ వోల్ట్ టైఫూన్ అనే హ్యాకర్ల గుంపు కూడా ఇలాంటి టూల్స్‌తోనే నడిచింది.

కానీ ఒక్కో మెషీన్‌కి ఒక్కో లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టే ల్యాప్స్‌ని మైక్రోసాఫ్ట్ 2015లోనే ఉచితంగా ఇచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి అది విండోస్‌లోనే ఉంది. ఎన్ని చోట్ల ఆన్ చేశారని అడ్మిన్లు అడుగుతుంటే జవాబు రావడం లేదు. ఇక పవర్‌షెల్ 5 వచ్చాక, నడిచిన స్క్రిప్ట్ అక్షరం పొల్లుపోకుండా విండోస్ రికార్డుల్లో ఈవెంట్ 4104గా రాయించుకోవచ్చు. ముసుగు వేసిన కోడ్ అయినా, నడవబోయే ముందు విండోస్‌లోని ఆమ్సీ అనే ఏర్పాటు దాన్ని యాంటీవైరస్ చేతికిస్తుంది. పాత 2.0కి ఈ రెండూ లేవు. అందుకే దాడి చేసేవాళ్లు కావాలని దాన్నే పిలిచేవారు. అంటే 2.0ని తీసెయ్యడం కొత్త పవర్‌షెల్‌ని కాపాడుకోవడానికే. డబ్ల్యుఎంఐసీ విషయమూ అంతే: పోయేది ఆ కమాండ్ ఒక్కటే, అది ఆధారపడ్డ విండోస్ వ్యవస్థ డబ్ల్యుఎంఐ కింద అలాగే ఉంటుంది. దాని బదులు పవర్‌షెల్ వాడమని మైక్రోసాఫ్టే చెబుతోంది.

2022 జూన్‌లో అమెరికా, బ్రిటన్, న్యూజీలాండ్ సైబర్ సంస్థలు కలిసి ఇచ్చిన సలహా కూడా ఇదే: పవర్‌షెల్‌ని తీసెయ్యొద్దు, కట్టుదిట్టం చెయ్యండి. అదే ఏడాది ఏప్రిల్‌లో మన దేశపు సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ లాగులు (సిస్టమ్‌లలో జరిగినవాటి రికార్డులు) 180 రోజులు దాచాలంది, దాడి జరిగిందని తెలిసిన 6 గంటల్లో చెప్పాలంది. ఆ 6 గంటల్లో వందల మెషీన్ల నుంచి లాగులు లాగి చూడాల్సింది ఈ అడ్మిన్లే. వాళ్ల చేతిలో ఉన్నది పవర్‌షెల్.

వాళ్లు అడుగుతున్నది అన్ని గేట్లూ బార్లా తెరవమని కాదు. అడ్మిన్ పనికి వేరే మెషీన్, వేరే అకౌంట్, సంతకం చేసిన స్క్రిప్టులు, ఒక్కొక్కరికి పనికి తగ్గ కమాండ్లే ఇచ్చే జేఈఏ. వేరే మెషీన్ తప్ప మిగతావన్నీ ఇప్పటికే కొన్న విండోస్‌లో ఉన్నాయి.