పెళ్లి దండను మేడ మీద ఎండబెట్టకండి: అపోహలు - వాస్తవాలు

మొన్న ఒకావిడ కూతురి పెళ్లి దండ కవర్లో పెట్టుకుని బెజవాడ సత్యనారాయణపురంలో, పెళ్లి పూలను ఆరబెట్టి దాచుకునేలా చేసే మా షాపుకు వచ్చారు. "నిన్నంతా మేడ మీద ఎండబెట్టే తెచ్చానండీ, మీకు పని తగ్గుతుందని" అన్నారు. విప్పి చూస్తే గులాబీల అంచులు నల్లబడి, రేకులు ముట్టుకుంటే పొడి పొడి అవుతున్నాయి. ఆవిడ కళ్లలో నీళ్లు. ఈ సీజన్‌లో ఇలా వచ్చినవాళ్లు ఎందరో!

అపోహ: పూలు ఎండాలంటే ఎండలోనే పెట్టాలి.

వాస్తవం: బెజవాడ ఎండ మిరపకాయలకు, వడియాలకు మంచిది. పువ్వు రంగును మాత్రం ఆ వెలుతురే తినేస్తుంది. ఆసరా లేకుండా తడి ఆరితే రేకు ముడుచుకుపోతుంది కూడా. అందుకే సిలికా జెల్ అనే, తడిని పీల్చే గింజలు వాడతాం. అది తడిని లాగుతూనే రేకును అన్ని వైపులా పట్టి ఉంచుతుంది. ఇసుకలా సన్నగా ఉన్నదే కొనండి, పెద్ద గుళికలైతే రేకుల మీద గుంటలు పడతాయి. మూత గట్టిగా పట్టే డబ్బాలో అంగుళం మందం పోసి, పొట్టిగా కోసిన కాడను అందులో గుచ్చండి. తర్వాత టీ స్పూన్‌తో ముందు బయటి రేకుల కింద, ఆపై రేకుల మధ్య కొద్దికొద్దిగా నింపాలి. పైనుంచి గుమ్మరిస్తే పువ్వు అణిగిపోతుంది. గులాబీకి దాదాపు వారం పడుతుంది. మధ్యలో మూత తీసి చూడకండి, ఆత్రం నాకూ తెలుసు.

అపోహ: నీళ్లు చల్లి ఉంచితే దండ తాజాగా ఉంటుంది.

వాస్తవం: ఆ తడికే బూజు పడుతుంది. పొడి కాగితంలో చుట్టి, ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడే తెచ్చేయండి.

అపోహ: ఒకసారి వాడిన సిలికా జెల్ పారేయాల్సిందే.

వాస్తవం: ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తుంది. నీలం గింజల రకం మాత్రం వద్దు, అందులో ఒంటికి హాని చేసే కోబాల్ట్ ఉంటుంది.

ముదురు ఎరుపు గులాబీ ఎండాక నల్లబారుతుంది, అది మీ తప్పు కాదు. పసుపు, నారింజ బాగా నిలుస్తాయి. మా నాన్నగారు చనిపోయిన ఏడాది, ఆయన కుండీలో పూసిన పసుపు గులాబీని ఇలాగే ఆరబెట్టి, గాలి చొరబడని గాజు సీసాలో పెట్టాను. నాలుగు వానాకాలాలు దాటింది. కిటికీకి దూరంగా, అలమరలో ఉంది. ఇప్పటికీ పసుపే.

ఆవిడ దండ లోపలి వరుసలో ఎండ తగలని ఏడు మొగ్గలు ఇంకా పచ్చిగా దొరికాయి. అవిప్పుడు డబ్బాలో ఉన్నాయి, గురువారం తీస్తాను.